మొదటి ఏడాదికి కూడా రండి: అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు, అందులోనూ మా ఊరి సంఘం కార్యవర్గానికి,

నమస్కారం అండి. నేను హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యాపిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా మీద ఈ దేశానికొచ్చినదాన్ని. మీ దగ్గర మాకు ఫ్యామిలీ మెంబర్‌షిప్ ఉంది. పేరూ రాష్ట్రమూ రాయట్లేదు, రాస్తే మా కమ్యూనిటీలో ఎవరో ఇట్టే పట్టేస్తారు, పట్టేస్తే ఫోన్లు నాకు రావు, మా ఆయనకి వెళ్తాయి. అసలు నా గొడవలో సగం అదే.

ఈ విషయాలన్నీ ముందు కమిటీకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఉగాది ఫంక్షన్లో ప్రెసిడెంట్ గారిని పట్టుకుని నేరుగా చెప్పాను, "తప్పకుండా అమ్మా, మంచి ఆలోచన, ఈ ఈవెంట్ ఒక్కటి అయిపోనివ్వండి" అన్నారు. అయిపోయింది. తర్వాత పిక్నిక్, దాని తర్వాత బతుకమ్మ, దీపావళి, ఆ తర్వాత ఎలక్షన్లు, కొత్త కమిటీ, కొత్త కమిటీకి పాత మెయిల్ కనపడదు. అందుకే ఇంక నలుగురూ చదివేలా రాస్తున్నా.

మీరు చేసే మంచిని కాదనట్లేదు. ఎవరైనా స్టూడెంట్ యాక్సిడెంట్‌లో పోతే రాత్రికి రాత్రి ఫండ్ రైజింగ్ పెట్టి, కాన్సులేట్‌తో, ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడి, బాడీని తల్లిదండ్రుల దగ్గరికి చేర్చేది మీరే, ఆ పని ఇంకెవరూ చెయ్యలేరు కూడా. 1977లో తానా మొదలైన దగ్గర్నుంచి ఆటా, నాట్స్, నాటా అంటూ దేశవ్యాప్త సంఘాలు, ఊరూరా లోకల్ సంఘాలు, ఇంత పెద్ద నెట్‌వర్క్ కట్టారు. ఆ నెట్‌వర్క్ ఉంది కాబట్టే అడుగుతున్నా, లేకపోతే అడిగేదాన్నే కాదు. కానీ మీ క్యాలెండర్ తీసి చూడండి, అందులో రెండే ఉంటాయి, స్టేజి, లేదంటే శవపేటిక. మనిషి దిగిన రోజు నుంచి కాళ్ళ మీద నిలబడేదాకా ఉన్న కాలానికి అందులో చోటు లేదు.

విదేశంలో కొత్త జీవితం అంటే ఇల్లు, గ్రీన్ కార్డు అని అందరం అనుకుంటాం. అవి ఎప్పుడో వస్తాయి, రాకపోనూవచ్చు. నాకు తెలిసి అది మొదలయ్యేది చాలా చిన్న వాటితో. నా పేరున్న ఒక కార్డు, ఎవర్నీ అడక్కుండా ఒక చోటికి వెళ్ళి రాగలగడం, నా వీసా కాగితాల్లో ఏముందో నాకు తెలిసుండటం. ఈ మూడూ లేకుండా ఏళ్ళు గడిపేస్తున్న ఆడవాళ్ళు మీ ఫంక్షన్లలో మొదటి వరసల్లో పట్టుచీరలు కట్టుకుని కూర్చుంటున్నారు, ఫొటోల్లో చాలా బాగుంటారు. వాళ్ళ సంగతి, అంటే మా సంగతి, వరసగా రాస్తున్నా.

1. వర్క్ పర్మిట్ లేని హెచ్-4కి సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్ఎస్ఎన్) ఇవ్వరు. ఈ ముక్క పెళ్ళికి ముందు ఎవరూ చెప్పరు, చెప్పినా దాని బరువు ఇక్కడికొచ్చాకే తెలుస్తుంది. నేను డ్రైవింగ్ లైసెన్స్ కోసం వెళ్తే కౌంటర్లో ఉన్నావిడ పాస్‌పోర్టు చూసింది, ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 ప్రింటు చూసింది, లీజు కాగితం చూసింది, ఎస్ఎస్ఎన్ ఏది అంది. లేదన్నా. అయితే నీకు అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి లెటర్ తీసుకురా అంది. అంటే నంబర్ ఎలాగూ ఇవ్వరు, ఇవ్వమని వాళ్ళే రాసిచ్చిన కాగితం మాత్రం కావాలి. కొన్ని రాష్ట్రాల్లో పద్ధతి ఇదే, ఆ లెటర్‌కి ఎల్676 అని ఒక ఫారం నంబర్ కూడా ఉంది. ఆ ఆఫీసేమో ఊరవతల, బస్సు పోదు, కార్లో వెళ్ళాలంటే లైసెన్స్ కావాలి, లైసెన్స్ కావాలంటే ఆ ఆఫీసుకెళ్ళాలి. మా ఆయన సెలవు పెడితే గానీ అవ్వలేదు. సెలవు దొరకని వాళ్ళ సంగతేంటి? ఇంత తిరిగి తెచ్చుకున్న లైసెన్స్ కూడా ఐ-94 గడువు దాకే, హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్ కాగితం ఆలస్యమైతే మళ్ళీ ఇంట్లోనే.

ట్యాక్స్ జాయింట్‌గా వెయ్యాలంటే ఐటీఐఎన్, అంటే ఎస్ఎస్ఎన్ రానివాళ్ళకిచ్చే ట్యాక్స్ నంబర్ కావాలి, దానికి డబ్ల్యూ-7 ఫారంతో ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పంపాలని చెప్పి భయపెడతారు. సర్టిఫైయింగ్ అక్సెప్టెన్స్ ఏజెంట్ అని ఐఆర్ఎస్, అంటే ఇక్కడి ట్యాక్స్ శాఖ ఒప్పుకున్న వాళ్ళుంటారు, వాళ్ళు చూసి సర్టిఫై చేస్తే పాస్‌పోర్టు పంపక్కర్లేదు. మన సంఘాల్లో సీపీఏలకి, అంటే లైసెన్స్ ఉన్న అకౌంటెంట్లకి కొదవ లేదు. స్పాన్సర్ల బ్యానర్ మీద వాళ్ళ ఫొటోలు చూస్తూనే ఉంటాం.

2. చదువు. నేను బీఫార్మసీ చేసి ఒక కంపెనీ క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ల్యాబ్‌లో మందుల్ని పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద పనిచేసినదాన్ని. పెళ్ళిచూపుల్లో వాళ్ళ బంధువొకాయన "ఫార్మసీనా, అమెరికాలో తిరుగే లేదమ్మా" అన్నారు, మా నాన్న మొహం వెలిగిపోయింది. ఇక్కడ ఫార్మసిస్ట్ లైసెన్స్ దారిలో బయటి దేశం డిగ్రీ వాళ్ళు ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష రాయాలి, 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి ఐదేళ్ళ కోర్సు ఉంటేనే అది రాయనిస్తారు. మన బీఫార్మసీ నాలుగేళ్ళే. పాస్ అవ్వడం ఫెయిల్ అవ్వడం తర్వాత సంగతి, హాల్లోకే రానివ్వరు. అంతకంటే పెద్ద కోర్సు ఫార్మ్‌డీ చేసిన వాళ్ళకి దారి ఉంది. నర్సులకి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష ఉంది, డాక్టర్లు యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు రాసి చాలావరకు మళ్ళీ రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో ట్రైనింగ్ చెయ్యాలి, డెంటిస్టులు చాలా రాష్ట్రాల్లో మళ్ళీ ఇక్కడి కాలేజీలో రెండు మూడేళ్ళు చదవాలి. ఇవేవీ రహస్యాలు కావు. ఆ బంధువొకాయనకి తెలియకపోవడం తప్పు కాదు, కానీ తెలిసిన వాళ్ళు మీలో వందల మంది ఉన్నారు, మీరు ఇండియాలో కూడా కార్యక్రమాలు పెడతారు, ఈ ఒక్క విషయం మీద ఒక్కటైనా పెట్టారా అని అడుగుతున్నా. తెలిసుంటే నేను రాకపోయేదాన్ని అనట్లేదు. కళ్ళు తెరుచుకుని వచ్చేదాన్ని, వచ్చే ముందే క్వాలిటీ ఉద్యోగాల వైపు ఏం చదవాలో చూసుకునేదాన్ని. హెచ్-4 మీద చదువుకోవచ్చు, దానికి వీసా మార్చుకోవాల్సిన పని లేదు, ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్న ఇంజినీర్లు నాకు తెలుసు.

3. వర్క్ పర్మిట్. 2015 మే 26 నుంచి హెచ్-4 వాళ్ళకి ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ కార్డు ఇస్తున్నారు, కాకపోతే అందరికీ కాదు, ముఖ్యంగా భర్త గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిన వాళ్ళకి. కంపెనీ ఆ ఫైల్ ఎప్పుడు మొదలుపెడుతుందో కంపెనీ ఇష్టం. ఉద్యోగాల కేటగిరీ గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, అందులో భార్యాపిల్లల్ని కూడా లెక్కేస్తారు, పైగా 1990 చట్టం ప్రకారం ఏ దేశానికైనా 7 శాతం పరిమితి, అందుకే మన వాళ్ళ క్యూ కదలదు, క్యూ కదలకపోతే మా బతుకు రెన్యూవల్ నుంచి రెన్యూవల్‌కి నడుస్తుంది. ఇప్పుడు ఆ రెన్యూవల్ కూడా మారింది. ఇంతకుముందు టైంకి అప్లై చేస్తే, ఐ-94 గడువు మించకుండా 540 రోజుల దాకా పాత కార్డు మీదే పని చేసుకోనిచ్చేవాళ్ళు. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యూవల్స్‌కి అది తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకపోతే గడువు అయిన మర్నాడు ఉద్యోగం ఆపేయాల్సిందే. ఇది జరిగిన చాలా రోజుల తర్వాత కూడా మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అడిగితే "కంగారేం లేదండీ 540 డేస్ ఉంది కదా" అని ఒకాయన ధీమాగా చెప్పాడు, దానికి పదిమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆవిడ ఆ మాట నమ్మి పనికి వెళ్ళుంటే అది అనుమతి లేని ఉద్యోగం కింద లెక్క, రేపు గ్రీన్ కార్డు టైంలో సమాధానం చెప్పుకోవాల్సింది ఆవిడే, ఆ పదిమంది కాదు.

4. ఉద్యోగం పోతే. హెచ్-1బీ ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 ముందే అయిపోతే అప్పటిదాకే. 2017 రూల్ ఇది. భర్త స్టేటస్ మీద ఆధారపడ్డ హెచ్-4కి కూడా అదే గడియారం, ఈఏడీ ఉన్నా సరే, భార్యకి బ్రహ్మాండమైన ఉద్యోగం ఉన్నా సరే. ఆ రెండు నెలల్లో కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవడానికి అప్లై చెయ్యాలి, లేదంటే పెట్టె సర్దాలి. మా పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇది జరిగింది. ఆయన పగలంతా ఇంటర్వ్యూలు, ఆవిడ పిల్లల స్కూల్లో ఏం చెప్పాలి, లీజు మధ్యలో ఆపితే ఎంత కట్టాలి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది, ఇవన్నీ గూగుల్ చేస్తూ కూర్చుంది. సంఘానికి ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నా. "ఎందుకండీ, ఊరంతా తెలుస్తుంది" అంది. ఈ మాట మీరు బాగా ఆలోచించాలి. కష్టం వస్తే సంఘానికి చెప్పుకోకుండా దాక్కుంటున్నారంటే లోపం ఎక్కడుంది?

5. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించా. కానీ అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

నాకు పార్కులో పరిచయమైన ఒకామె, పిల్లాణ్ణి స్ట్రోలర్లో తెచ్చేది. ఫుల్ స్లీవ్స్ ఎండాకాలంలో కూడా. చాలా రోజులకి నోరు విప్పింది. పాస్‌పోర్టు భర్త దగ్గరే, హెచ్-4 అప్రూవల్ కాగితం ఐ-797 ఎప్పుడూ చూడలేదు, అది కంపెనీ లాయర్ నుంచి ఆయన మెయిల్‌కి వస్తుంది. తన స్టేటస్ ఎప్పటిదాకా ఉందో ఆమెకి తెలియదు. "ఎక్కువ మాట్లాడితే క్యాన్సిల్ చేయిస్తా, బాబు ఇక్కడ పుట్టాడు కాబట్టి వాడు నాతోనే ఉంటాడు, నువ్వొక్కదానివే పోతావు" అనేవాడట. పాస్‌పోర్టు నంబర్ ఎక్కడైనా రాసుకున్నావా అంటే, పెళ్ళప్పుడు వీసా ఫారాలు నింపిన తన తమ్ముడి దగ్గర ఫొటో ఉందంది. తమ్ముడు పంపాడు. లైబ్రరీ కంప్యూటర్లో కూర్చుని సీబీపీ (సరిహద్దు, కస్టమ్స్ శాఖ) వెబ్‌సైట్లో పేరు, పుట్టిన తేదీ, ఆ నంబర్ కొడితే ఆమె ఐ-94 వచ్చింది. స్క్రీన్ మీద ఆ తేదీని వేలితో చూపిస్తూ మూడుసార్లు చదివింది. ఇంకా ఏడాదిన్నర ఉంది. అప్పటిదాకా తను ఇక్కడ ఇల్లీగలేమో అనుకుంటోందట.

ఆమె సంఘంలో ఒక పెద్దావిడకి ముందే చెప్పుకుంది. ఆ పెద్దావిడ మంచి మనసుతోనే వాళ్ళాయనతో చెప్పింది, వాళ్ళాయన వెళ్ళి ఈమె భర్తతో "ఏంటి తమ్ముడూ ఇంట్లో గొడవలంట" అని నవ్వుతూ మాట్లాడాడు. ఆ రాత్రి ఏం జరిగిందో నేను రాయను. మంచి మనసు ఒక్కటే సరిపోదు అండి, ట్రైనింగ్ కావాలి. ఆమె దెబ్బలకి కారణం మీరని అనట్లేదు, కానీ ఆ కబురు మోసుకెళ్ళింది మన పద్ధతే.

తెలియాల్సినవి ఇవి. నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, రోజంతా పనిచేస్తుంది, భాష రాకపోతే ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుతారు. భర్త సిటిజన్ లేదా గ్రీన్ కార్డు అయితేనే భార్య సొంతంగా పిటిషన్ వేసుకునే దారి ఉంది, హెచ్-1బీ భర్త అయితే అది వర్తించదు, ఇక్కడే చాలామంది దారి లేదని ఆగిపోతారు. కానీ హింసకి గురైన హెచ్-4 భార్యలకి విడిగా వర్క్ పర్మిట్ ఇవ్వొచ్చని 2005 చట్టంలోనే ఉంది, ఐ-765వీ అనే ఫారం, దానికి భర్త సంతకం అక్కర్లేదు. విడాకులైతే హెచ్-4 స్టేటస్ పోతుంది కాబట్టి ఏది ముందు ఏది తర్వాత అన్నది లాయర్‌ని అడిగే చెయ్యాలి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే పనిచేస్తున్నాయి. మీ సావనీర్లలో హీరోల ఫొటోల పక్కన ఈ నంబర్లకి ఒక్క పేజీ ఇచ్చిన సంవత్సరం నేనైతే చూడలేదు.

6. చేతిలో డబ్బు. పర్మిట్ లేని వాళ్ళు సంఘం గ్రూపుల్లోనే బేబీ సిట్టింగ్, వంట ఆర్డర్లు, క్యాష్ మీద చేస్తున్నారు, అందరికీ తెలుసు, అడ్మిన్లకీ తెలుసు. అది స్టేటస్‌కి ఎంత ప్రమాదమో చెప్పేవాళ్ళు లేరు, తక్కువకి దొరుకుతారు కాబట్టి పెట్టుకునేవాళ్ళు మాత్రం చాలామంది. నెలంతా పిల్లల్ని చూసుకుంటే చివర్లో సగం డబ్బులిచ్చి "ఎవరికి చెప్పుకుంటావ్" అన్నట్టు చూసినవాళ్ళు కూడా మన సభ్యులే. నిజానికి చేసిన పనికి జీతం ఎగ్గొట్టకూడదని చెప్పే ఇక్కడి చట్టం వీసా చూసి వర్తించదు, కానీ ఆ భయంలో ఉన్న మనిషి ఫిర్యాదు చేస్తుందా?

7. పిల్లలు 21 నిండగానే డిపెండెంట్ కాకుండా పోవడం, 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా కూడా చూడటం మొదలై కాన్సులేట్ అపాయింట్‌మెంట్లు నెలల వెనక్కి పోయి, పెళ్ళికో తండ్రి ఆపరేషన్‌కో ఇండియా వెళ్ళిన వాళ్ళు అక్కడ, పిల్లలు ఇక్కడ ఉండిపోవడం, ఇవి మీ చేతిలో లేవని నాకూ తెలుసు. వాటి మీద మిమ్మల్ని నిలదీయట్లేదు.

8. ఇక పగలు. ఆయన ఆఫీసుకెళ్ళాక సాయంత్రం దాకా మాటల్లేవు. మధ్యాహ్నం ఇక్కడ ఎవరితోనన్నా మాట్లాడాలనిపించే టైంకి అక్కడ అమ్మావాళ్ళు పడుకునే టైం. మొదట్లో నేను టీవీలో వంటల ఛానల్ సౌండ్ పెట్టుకుని ఉండేదాన్ని, వినడానికి కాదు, ఇంట్లో ఒక గొంతు ఉండాలని. నన్ను బయటికి లాగింది లైబ్రరీ. అక్కడ వారానికోసారి ఇంగ్లిష్ కాన్వర్జేషన్ సర్కిల్, ఫ్రీ, కొరియా ఆవిడ, బ్రెజిల్ అమ్మాయి, యుక్రెయిన్ నుంచి వచ్చిన ఒక టీచర్. ఆ టీచరే తన పాత కార్లో నాకు పార్లల్ పార్కింగ్ నేర్పింది. తెలుగు వాళ్ళు వేలల్లో ఉన్న ఊళ్ళో నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది యుక్రెయిన్ మనిషి, ఇది ఎత్తిపొడుపు అనుకున్నా పర్లేదు. ఆవిడకి కొత్తగా వచ్చిన వాళ్ళకి ఏం కావాలో తెలుసు, ఎందుకంటే ఆవిడా కొత్తే. మన దగ్గర పాతబడిన వాళ్ళు ఆ మొదటి ఏడాదిని మర్చిపోతారు, లేదా "మేమూ అలాగే పడ్డాం, మీరూ పడండి" అంటారు. రెండోది నేను చెవులారా విన్నా.

ఇంక నేను అడిగేవి. ఇవి వినతులే గానీ, సభ్యత్వం డబ్బు కట్టినవాళ్ళు అడుగుతున్న డిమాండ్లు కూడా.

ఒకటి. ప్రతి లోకల్ సంఘంలో మొదటి ఏడాది డెస్క్ పెట్టండి. ఒక ఫోన్ నంబర్, వారంలో రెండు సాయంత్రాలు, ఎత్తేది హెచ్-4 మీద వచ్చి ఇక్కడ కుదురుకున్న ఆడవాళ్ళు. లైసెన్స్, ఐటీఐఎన్, బ్యాంక్, ఇన్సూరెన్స్, కాలేజీ, ఇంతే. రాష్ట్రానికొక చెక్‌లిస్టు తెలుగులో రాయించి పైన "ఫలానా తేదీకి సరిచూశాం" అని వెయ్యండి, తేదీ లేని సలహా వల్ల ఏమవుతుందో పైన మూడో పాయింట్లో రాశా. డ్రైవింగ్ నేర్పే ఆడవాళ్ళ లిస్టు కూడా అందులోనే.

రెండు. ఇమ్మిగ్రేషన్ సలహాని ఫార్వర్డ్‌లకి వదిలేయకండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి సాయం చేసే నాన్-ప్రాఫిట్ సంస్థలకి డిపార్ట్‌మెంట్ ఆఫ్ జస్టిస్ గుర్తింపు ఇస్తుంది, దాంతో లాయర్లు కాని వాళ్ళు కూడా ట్రైనింగ్ తీసుకుని చట్టబద్ధంగా సలహా ఇవ్వొచ్చు. అది మీకు కుదరకపోతే ఇప్పటికే గుర్తింపు ఉన్న సంస్థతో ఒప్పందం పెట్టుకోండి. మన లాయర్లు స్టేజి మీద అరగంట ప్రశ్నలు తీసుకునే సెమినార్ కాదు నేనడిగేది, మనిషిని కూర్చోబెట్టి ఆమె కాగితాలు చూసే పని.

మూడు. ఇంట్లో హింస గురించి రాతపూర్వక నియమం పెట్టండి. ప్రతి కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళకి బయటి సంస్థతో ట్రైనింగ్ ఇప్పించండి. విన్నది వాళ్ళ భర్తలకి కూడా చెప్పకూడదు. కూర్చోబెట్టి రాజీ చేసే పంచాయితీలు సంఘం పేరు మీద జరగకూడదు, జరిపిన వాళ్ళని పదవి నుంచి తీసేయాలి. ఈ నియమం మీద ఓటింగ్ పెడితే ఎవరు చెయ్యెత్తారో ఎవరు ఎత్తలేదో మాకు తెలియాలి.

నాలుగు. పెళ్ళికి ముందే, విమానం ఎక్కకముందే, ఇండియాలో ఉన్న అమ్మాయిలకీ తల్లిదండ్రులకీ నెలకోసారి ఆన్‌లైన్ సెషన్. ఏ డిగ్రీకి ఇక్కడ ఏ లైసెన్స్, హెచ్-4 అంటే ఏం చెయ్యొచ్చు ఏం చెయ్యకూడదు, పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 కాపీలు ఎవరి మెయిల్లో వాళ్ళు ఎందుకు పెట్టుకోవాలి. దీనికి హాలూ అక్కర్లేదు, హీరోయినూ అక్కర్లేదు.

ఐదు. లెక్కలు. ట్యాక్స్ మినహాయింపు ఉన్న సంస్థలుగా మీరు ఏటా ఐఆర్ఎస్‌కి మీ ఆదాయం, ఖర్చుల లెక్క ఫారం 990 వేస్తారు, చివరి మూడేళ్ళవి అడిగిన వాళ్ళకి చూపించాలని రూల్ ఉంది. అడిగేదాకా ఎందుకు, తెలుగులో ఒక పేజీ సారాంశం మీరే పెట్టండి, ఆర్టిస్టుల టికెట్లకీ హోటళ్ళకీ ఎంత, సేవకి ఎంత. కన్వెన్షన్ ఆదాయంలో పది శాతం మొదటి ఏడాది డెస్క్‌కి కేటాయించండి. సినిమా వాళ్ళని పిలవద్దని అనట్లేదు, నాకూ పాటలు ఇష్టమే, ఫస్ట్ రో టికెట్ కోసం మా ఇంట్లో కూడా గొడవలయ్యాయి.

ఆరు. ఫ్యామిలీ మెంబర్‌షిప్‌లో భార్యాభర్తలకి విడివిడిగా ఓటు, విడివిడిగా మెయిల్ ఐడీ. ఇప్పుడు మీ మెయిల్స్ అన్నీ మా ఆయనకే వస్తాయి, నా మెయిల్‌కి జవాబు ఇవ్వాలనుకున్నా మీ లిస్టులో నేను లేను. కార్యవర్గంలో డిపెండెంట్ వీసా మీద ఉన్న వాళ్ళకి ఒక ఓటున్న సీటు ఇవ్వండి, "మహిళా విభాగం" అని పేరుపెట్టి ముగ్గుల పోటీ అప్పగించే సీటు కాదు.

ఏడు. గ్రూపుల్లో క్యాష్ పనుల ప్రకటనలు ఆపండి, జీతం ఎగ్గొట్టినట్టు తేలిన సభ్యుల్ని సభ్యత్వం నుంచి తీసెయ్యండి.

వచ్చే జనరల్ బాడీ మీటింగ్ ఎజెండాలో ఈ ఏడూ పెట్టి, ఒక్కోదాని మీద అవునో కాదో మినిట్స్‌లో రాయండి. కాదంటే కారణం రాయండి, దాని మీద మాట్లాడుకుందాం. ఒకటీ మూడూ మాత్రం పెద్ద ఖర్చు లేకుండా మొదలుపెట్టగల పనులు, వాటికి మీటింగ్ దాకా ఆగాల్సిన పని కూడా లేదు. క్యూసీలో ఉన్నప్పుడు ఎస్ఓపీలు, అంటే ఏ పని ఏ వరసలో చెయ్యాలో చెప్పే కాగితాలు రాయడం నా డ్యూటీ, ఆ అలవాటుతో మా రాష్ట్రానికి సంబంధించిన చెక్‌లిస్టు రాసి ఈ లేఖతో పాటు కమిటీ మెయిల్‌కి పంపించా. ఒక లాయర్‌తో, ఒక సీపీఏతో సరిచూయించి తేదీ వేసి పెట్టండి, తప్పులుంటే గుర్తుపెట్టి పంపండి, దిద్ది ఇస్తా.

ఇట్లు,
మీ సంఘంలో ఓటు లేని ఒక సభ్యురాలు